ఢిల్లీకి ఓటుంది, గల్లీకి లేదు (లష్కర్ ముచ్చట్లు - 6)

మొన్న క్లాసులో పిల్లలకు చిన్న పని చెప్పాను. మీరుండేది ఏ జిల్లా, ఏ మండలం, ఏ వార్డు, మీ వార్డు మెంబరు ఎవరు, ఒక కాగితం మీద రాసుకు రమ్మన్నాను. తెలుగు సారుకు ఇవన్నీ ఎందుకని వెనక బెంచీలో ఒకడు గొణిగాడు. ఉన్న ఊరు తెలియనోడు కథ ఏం చదువుతాడురా అన్నాను. మర్నాడు కాగితాలొచ్చాయి. తిరుమలగిరి వైపు ఒక బస్తీ నుంచి వచ్చే అమ్మాయి కాగితంలో మొదటి రెండు జవాబులే ఉన్నాయి. హైదరాబాద్ జిల్లా, తిరుమలగిరి మండలం. కింద ఖాళీ.

"మరిచిపోయినవా అమ్మా?"

"లేద్సార్. మా అమ్మకు ఎంపీ ఓటుంది, ఎమ్మెల్యే ఓటుంది. బోర్డు ఓటు తీసేసిన్రు. ఇంటి నంబరు లేదని."

మిత్రులారా, ఈ భాగం ఆ ఖాళీ గురించి.

సికింద్రాబాద్ అనగానే మనకు స్టేషన్, మోండా మార్కెట్, ప్యారడైజ్ గుర్తొస్తాయి. పాత హైదరాబాదీలు మాత్రం ఈ ఊరిని లష్కర్ అనేవాళ్లు. లష్కర్ అంటే సైన్యం. ఆ పేరు ఊరికే రాలేదు. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార సంధి చేసుకున్నాడు. నిజాం ఖర్చు మీద కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన గుడారాలు వేశాయి. 1806లో ఆ విడిదికి మూడో నిజాం సికిందర్ జా పేరు పెట్టారు. అంటే ఈ ఊరు రైతు దున్నితే పుట్టింది కాదు, సైన్యం దిగితే పుట్టింది.

సైన్యం ఒంటరిగా దిగదు. ఒక్కో సిపాయి వెనక వంటవాడు, చాకలి, మంగలి, చర్మం పని చేసేవాడు, గుర్రానికి గడ్డి కోసేవాడు, నీళ్లు మోసేవాడు, పాయిఖానా ఎత్తేవాడు వస్తారు. ఈ పటాలాలు వచ్చింది మద్రాసు సైన్యం నుంచి. అందులో పరయర్లు, మాలలు సిపాయిలుగానూ ఉన్నారు. తర్వాత్తర్వాత, పందొమ్మిదో శతాబ్దం చివరికొచ్చేసరికి, 'వీరజాతుల' సిద్ధాంతమొకటి తెచ్చి బ్రిటిష్ వాళ్లు మనవాళ్లకు ఆ తలుపు మూసేశారు. పడమటి వైపు మహర్లకూ అదే జరిగింది.

ఈ చరిత్ర పుస్తకాల్లో ఎంతుందో గానీ ఊరి పేర్లలో మాత్రం నిండా ఉంది. రెజిమెంటల్ బజార్, పికెట్, కార్ఖానా, మడ్‌ఫోర్ట్, పెన్షన్ లైన్. ఘాస్‌మండి అంటే గడ్డి బజారు. లాల్ బజార్ అంటే బ్రిటిష్ కంటోన్మెంట్లలో ఒకటే అర్థం, సోల్జర్ల కోసం పటాలం నడిపించుకున్న వేశ్యావాటిక. 1864 కంటోన్మెంట్ల చట్టం ఆ ఆడవాళ్ల పేర్లు రిజిస్టర్లో ఎక్కించి, లాక్ హాస్పిటళ్లలో బలవంతంగా పరీక్షలు చేయించే ఏర్పాటు చేసింది. తిరుమలగిరిలో ఆ పేరు ఇప్పటికీ ఉంది. నేను కూడా ఏళ్ల తరబడి "లాల్ బజార్, లాల్ బజార్" అని అరిచే ఆటో ఎక్కాను. పీహెచ్‌డీ అయ్యేదాకా ఆ మాట ఏమిటని నాకు తట్టలేదు.

మన పండగ సంగతి కూడా చూడండి. లష్కర్ బోనాలకు మూలమైన ఉజ్జయిని మహంకాళి గుడిని పెట్టింది సురిటి అప్పయ్య అని చెప్పుకుంటారు. ఆయన ఎవరు? పటాలంలో డోలీ మోసే మనిషి. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు ఆయన ఉజ్జయినిలో ఉండి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో అమ్మవారిని నిలిపాడని కథ. ఈ నగరం తనదని చెప్పుకునే అతి పెద్ద పండగ ఒక డోలీ కూలీ మొక్కు.

ఇక పరిపాలన. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, చిక్కంతా ఇక్కడే ఉంది.

సికింద్రాబాద్ ఒక ఊరు కాదు, పక్కపక్కనే రెండు. ఒకటి బజార్ల ఊరు. దీనికి 1945లో మున్సిపాలిటీ వచ్చింది, 1950లో కార్పొరేషన్ అయింది, 1960లో హైదరాబాద్ కార్పొరేషన్లో కలిసింది, 2007లో జీహెచ్ఎంసీలో భాగమైంది. రెండోది కంటోన్మెంట్. అది ఎందులోనూ కలవలేదు. సుమారు 40 చదరపు కిలోమీటర్లు, 2011 లెక్కల్లో 2 లక్షల 18 వేలకు దగ్గరగా జనం. దేశంలోని పెద్ద కంటోన్మెంట్లలో ఇదొకటి. జిల్లా కలెక్టర్ హైదరాబాద్ కలెక్టరే, మండలాఫీసు తెలంగాణ ప్రభుత్వానిదే. మోరీ, వీధిదీపం, చెత్త, ఇంటి పర్మిషన్ మాత్రం రక్షణ శాఖ కింది బోర్డువి.

ఎందుకంటే రాజ్యాంగమే అలా పంచింది. ఏడో షెడ్యూలు తీసి చూడండి. స్థానిక పాలన రాష్ట్ర జాబితాలో 5వ అంశం. కంటోన్మెంట్లలో స్థానిక పాలన మాత్రం కేంద్ర జాబితాలో 3వ అంశం. 74వ సవరణ వచ్చి మున్సిపాలిటీలకు ప్రాణం పోసినా అది ఈ గేటు దగ్గరే ఆగిపోయింది. 2006 కంటోన్మెంట్ల చట్టం బోర్డును మున్సిపాలిటీగా 'భావించాలి' అంది, అదీ గ్రాంట్లు తీసుకోవడానికి, కేంద్ర పథకాలు అమలు చేయడానికి.

50 వేలు దాటిన జనాభా ఉన్న కంటోన్మెంటుకు ఆ చట్టం 16 మంది బోర్డును ఇచ్చింది. ఎనిమిది మందిని జనం ఎన్నుకుంటారు. మిగతా ఎనిమిది మందిని లెక్కపెట్టండి. అధ్యక్షుడు ఆ స్టేషన్ కమాండ్ చేసే సైనికాధికారి, ఇక్కడైతే బ్రిగేడియర్. ముఖ్య కార్యనిర్వహణాధికారి, కలెక్టర్ తరఫు మనిషి, ఆరోగ్యాధికారి, ఇంజనీరు, ఇంకో ముగ్గురు సైనికాధికారులు. సగానికి సగం. కార్పొరేషన్లో మేయర్ కుర్చీకి రిజర్వేషన్ వంతు వస్తుంది, ఎస్సీ మహిళ మేయర్ కావడానికి చట్టంలో దారుంది. బోర్డు అధ్యక్షుడికి ఏ వంతూ రాదు. అది పదవి కాదు, హోదా.

ఇప్పుడు ఇంకో ముక్క. సికింద్రాబాద్ కంటోన్మెంట్ శాసనసభ స్థానం ఎస్సీ రిజర్వుడు. మనం గర్వంగా చెప్పుకునే సీటు. జి. సాయన్న ఇక్కడ్నుంచి అయిదుసార్లు గెలిచారు. ఆ ఎమ్మెల్యే బోర్డు సమావేశానికి వెళ్లొచ్చు. ప్రత్యేక ఆహ్వానితుడిగా. కూర్చోవచ్చు, మాట్లాడొచ్చు. ఓటు వేయడానికి లేదు. చట్టంలో ఆ మాట స్పష్టంగా రాసి ఉంది. తన నియోజకవర్గంలో ఏ మోరీ ముందు కట్టాలో తేల్చే బల్ల దగ్గర దళిత ఎమ్మెల్యే అతిథి. ఎంపీకీ ఇదే వర్తిస్తుంది, కాబట్టి ఇది కులం చూసి రాసిన నిబంధన అని నేను అనను. కానీ ఎవరి మీద పడుతుందో చూడండి. బంగళాలో ఉన్నాయనకు ఎమ్మెల్యే అవసరం పెద్దగా ఉండదు. బస్తీలో ఉన్నామెకు ఎమ్మెల్యే తప్ప ఇంకెవరూ లేరు.

ఆ ఎనిమిది మందిని ఎన్నుకునే ఓటు సంగతికొస్తే మా అమ్మాయి చెప్పింది నిజం. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీ కంటోన్మెంట్ కేసులో 2016లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కంటోన్మెంట్ భూమిని ఆక్రమించి, నంబరు లేని అక్రమ ఇళ్లలో ఉంటున్నవాళ్లు బోర్డు ఓటర్ల జాబితాకు అర్హులు కారని. ఆ తీర్పు ఆధారంగా మన దగ్గర వేల ఓట్లు పోయాయి. ఆ ఓటర్లే పార్లమెంటు ఎన్నికల్లో, శాసనసభ ఎన్నికల్లో వరుసలో నిలబడి వేలికి సిరా పెట్టించుకుంటారు. దేశ ప్రధానిని నిర్ణయించే అర్హత ఉంది, కొళాయి ఎక్కడ పెట్టాలో నిర్ణయించే అర్హత లేదు.

ఆక్రమణ అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి. కంటోన్మెంట్ భూమంతా రిజిస్టర్లో తరగతులుగా ఉంటుంది. ఏ-1, ఏ-2, బీ-1 నుంచి బీ-4 దాకా, సీ. ఏ-1 అంటే సైన్యం చేతిలో ఉన్నది. బీ-3 అంటే ప్రైవేటు వాళ్ల చేతుల్లో ఉన్న పాత బంగళాల లాంటివి, భూమి సర్కారుదే అయినా. ఎకరాల కాంపౌండు చుట్టూ గోడ కట్టుకున్న బంగళాకు రిజిస్టర్లో ఒక గడి దొరికింది, నంబరు దొరికింది, నంబరుతో ఓటు దొరికింది. ఆ బంగళాలో బట్టలుతికిన, బాత్రూం కడిగిన మనిషి మనవరాలికి దొరకలేదు. ఇద్దరూ సొంతం కాని భూమి మీదే ఉన్నారు కదా? ఎవరి కాగితాన్ని ఎవరు రాశారన్నదే తేడా.

జనాభా లెక్క కూడా ఇలాంటిదే. 2011లో హైదరాబాద్ జిల్లా జనాభా 39,43,323. అంతా పట్టణమే, ఊళ్లు లేవు, అందుకే ఈ జిల్లాకు జిల్లా పరిషత్ లేదు. రాష్ట్రంలో ఎస్సీలు 15 శాతం పైన, ఈ జిల్లాలో 6 శాతం పైచిలుకు. వ్యవసాయ కూలీ ఊళ్లు లేని జిల్లా కాబట్టి తగ్గడం సహజమే. కానీ సికింద్రాబాద్‌లో అదొక్కటే కారణం కాదు. ఆదివారం పొద్దున ఈ ఊళ్లో చర్చీల ముందు నిలబడి చూడండి. పటాలం వెంట, మిషన్ల వెంట క్రైస్తవులైన దళిత కుటుంబాలు ఇక్కడ తరాలుగా ఉన్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వాళ్లను ఎస్సీ లెక్కలోంచి తీసేసింది, మన దగ్గర వాళ్లు బీసీ-సీ. బస్తీ అదే, పని అదే, పిలుపు అదే, లెక్కలో మాత్రం లేరు. వార్డు రిజర్వేషన్ జనాభా శాతాన్ని బట్టే కదా వచ్చేది.

మన పెద్దలకు ఈ మర్మం తెలుసు. భాగ్యరెడ్డి వర్మ 1931 జనగణనలో మనవాళ్లను ఆది హిందువులుగా రాయించడానికి అంత పట్టుబట్టింది ఊరికే కాదు. లెక్కలో పేరు మారితే హక్కు అడిగే గొంతు మారుతుందని ఆయనకు తెలుసు. సికింద్రాబాద్ కేంద్రంగా అరిగె రామస్వామి పనిచేశారు. హైదరాబాద్ అంబేడ్కర్ అని పేరుపొందిన బి.ఎస్. వెంకట్రావు పుట్టింది ఘాస్‌మండిలో, ఆ గడ్డి బజారులో. 1928లో బొల్లారంలో, మెహతర్ కులంలో, టి.ఎన్. సదాలక్ష్మి పుట్టారు. పాకీ పని చేసే కులం నుంచి లేచి ఉమ్మడి రాష్ట్రంలో మంత్రి, శాసనసభ ఉపసభాపతి అయిన మనిషి. అంతెందుకు, బాబాసాహెబ్ పుట్టిన మౌ కూడా కంటోన్మెంటే.

అందుకే కంటోన్మెంటును ఒక్క తిట్టుతో కొట్టిపారేయలేను. ఊరి కరణం, పటేలు చేతికి అందని నేల అది. పటాలం బడి సిపాయి పిల్లలకు అక్షరం పెట్టింది. మన తొలి తరం చదువుల్లో దాని వాటా ఉంది. కానీ బడి పెట్టిన చేయి పెత్తనం వదల్లేదు.

2015 జనవరిలో ఎన్నికైన పాలకవర్గానికి 2020లో గడువు తీరింది. పొడిగింపులూ అయిపోయాక 2021 నుంచి ఎన్నికైన సభ్యులు లేని, ఒక్క నామినేటెడ్ పౌర సభ్యుడున్న బోర్డు నడిచింది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి మార్చిలోనే రద్దు చేశారు. అదే ఏడాది హిమాచల్‌లోని యోల్ పౌర ప్రాంతాన్ని కంటోన్మెంట్ నుంచి విడదీశారు. ఇక్కడా పౌర ప్రాంతాలను కార్పొరేషన్లో కలపాలన్న మాట గట్టిగా నడుస్తోంది. మనలో చాలామంది చప్పట్లు కొడుతున్నారు. నేనూ విలీనం కావాలనే అంటాను. అయితే ఒక ప్రశ్న అడిగి అంటాను. పౌర ప్రాంతం అంటే ఏది? రిజిస్టర్లో సైన్యం పేరున్న తరగతి భూమి మీదున్న బస్తీ గీతకు ఇటు పడుతుందా, అటు పడుతుందా? ఆ మ్యాప్ గీసేటప్పుడు బస్తీ వాళ్లు ఆ బల్ల దగ్గర ఉంటారా? విలీన సభల్లో కాలనీ సంఘాల వాళ్లు ఎఫ్ఎస్ఐ ఎంత పెరుగుతుందని అడగడం విన్నాను. పట్టా సంగతి అడిగినవాళ్లు వెనక నిలబడి ఉన్నారు.

ఆ అమ్మాయికి కాగితం తిరిగిచ్చి, ఖాళీ వదలొద్దు, మీ అమ్మను అడిగి ఆమె ఏం చెబితే అది రాయి అన్నాను. రెండ్రోజులకు తెచ్చింది. వార్డు దగ్గర "తెలుసు గానీ మాది కాదు" అని ఉంది. మెంబరు దగ్గర "బ్రిగేడియర్ సారు. పేరు తెలువది" అని ఉంది.

నేను పదికి పది వేశాను.

(వచ్చే భాగం: ఘాస్‌మండి, బి.ఎస్. వెంకట్రావు. కంటోన్మెంట్ బస్తీల్లో ఉంటున్న మిత్రులు మీ ఇంటి పెద్దల దగ్గర పాత పన్ను రశీదులు, రేషన్ కార్డులు ఉంటే జాగ్రత్త చేయండి, ఫొటో తీసి పెట్టుకోండి. గీత గీసే రోజు అవి కావాలి.)

జై భీమ్.