టర్బో బూస్ట్ తగ్గుదల

టర్బోచార్జర్ ఇంజన్‌లోకి నెట్టాల్సినంత గాలిని నెట్టలేకపోవడమే బూస్ట్ తగ్గుదల. పొగగొట్టంలో వృథాగా పోయే వాయువులతో టర్బైన్ తిప్పే ఈ ఉపాయానికి స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లో పేటెంట్ పొందాడు.

ఆకివీడు మీదుగా పోయే 165వ నంబరు జాతీయ రహదారిపై డీజిల్ కారు లారీని దాటలేక నల్లపొగ చిమ్మితే, మెకానిక్ ‘పికప్ పడిపోయింది’ అంటాడు. స్కానర్ బూస్ట్ తగ్గిందని చెప్పే పీ0299 కోడ్ చూపిస్తుంది. అంతమాత్రాన టర్బో పోయినట్టు కాదు. తొందరపడి మార్పించిన వాళ్ల జేబుకే చిల్లు.

ముందు మానిఫోల్డ్‌లో గాలి పీడనం కొలిచే సెన్సర్‌ను నమ్మవచ్చో లేదో తేల్చాలి. ఆకివీడు ఉన్న కొల్లేరు ప్రాంతం దాదాపు సముద్రమట్టంలోనే ఉంది కనుక, ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం తిప్పినప్పుడు మానిఫోల్డ్ పీడనం సుమారు 100 కిలోపాస్కల్స్ ఉండాలి. బాగా తేడా వస్తే సెన్సర్‌నో, దాని వైరింగ్‌నో అనుమానించాలి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఇంటర్‌కూలర్ గొట్టాలు, క్లిప్పులు. అతుకు దగ్గర నూనె తడికి దుమ్ము అంటుకుని ఉంటే గాలి అక్కడే కారుతుండవచ్చు. గొట్టాల్లోకి స్వల్ప పీడనంతో గాలి ఎక్కించి సబ్బునీళ్లు పూస్తే బుడగలు చోటు చూపిస్తాయి.

లీకు లేకపోతే వాక్యూమ్ పైపులు, తెరుచుకుని ఇరుక్కున్న వేస్ట్‌గేట్, మసి పట్టి కదలని టర్బో రెక్కలు చూడాలి. టర్బో షాఫ్ట్ ఊగులాట పరీక్ష చివరిది.