హుక్కా నుంచి చెవిపోగు దాకా

బీదరు చరిత్ర చెప్పేవాళ్లు కోటతోనో మహమూద్ గవాన్ మదరసాతోనో మొదలుపెడతారు. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాడిగా నేను చొక్కా గుండీతో మొదలుపెడతాను. నల్లటి లోహంలో వెండి తీగ పొదిగే ఇక్కడి పని బిద్రీ. ఇప్పటి బిద్రీ సరుకులో కఫ్‌లింకులు, లాకెట్లు, చెవిపోగులే కాదు, పెన్‌డ్రైవులు కూడా ఉన్నాయి. నవాబుల హుక్కాకూ పాన్‌దాన్‌కూ అమరిన కళ చెవితమ్మెకు దిగజారిందని హైదరాబాదులో కొందరు వాపోతారు. 1956 నవంబరు 1 దాకా బీదరు హైదరాబాదు రాష్ట్రంలోదే కనుక ఆ హక్కు వాళ్లకుంది. ఆ మాట మాత్రం చరిత్ర ముందు నిలవదు. ఈ పనిని బహమనీల కాలంలో ఇరాన్ నుంచి అబ్దుల్లా బిన్ కైసర్ అనే పనివాడు తెచ్చాడని ఇక్కడ చెప్పుకుంటారు. పొగాకు మాత్రం ఆ తర్వాతే పోర్చుగీసువాళ్లతో వచ్చింది. 1600 దాటాక మొఘల్ రాయబారి అసద్ బేగ్ దాన్ని బీజాపూరు నుంచి పట్టుకెళితే అక్బరు దర్బారు వింతగా చూసింది. అంటే మనం సంప్రదాయమని మురిసిపోయే బిద్రీ హుక్కా ఆనాటికి సరికొత్త ఫ్యాషన్. పైగా ఈ పనిలో వినిపించే బూటీ (చిన్న పువ్వు), బేల్ (పూలతీగ) అన్నవి బట్టల మీది నేత, కుట్టుపనుల మాటలు కూడా. ఆ పూలు షేర్వానీ గుండీ మీదో చెవిపోగు మీదో వాలితే పరాయి చోటికి వెళ్లినట్టు కాదు.

వస్తువు చిన్నదైతే పనితనం తగ్గదా అన్న ప్రశ్న మాత్రం గట్టిది. తగ్గే వీలుంది, కానీ తగ్గి తీరాలని లేదు. యశదంలో కొద్దిగా రాగి కలిపి పోత పోయడం, ఆకురాయి పట్టడం, మైలుతుత్తంతో తాత్కాలికంగా నలుపెక్కించి ఉలితో గీతలు తీయడం, ఆ గాళ్లలో వెండి తీగ కొట్టడం గుండీకైనా కూజాకైనా ఒకటే. చివరగా కోటలోని ఎండావానా తగలని పాత మట్టిని నవాసారంతో కలిపి కాచి పట్టిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే ఉంటుంది. ఏ మట్టి పనికొస్తుందో నాలుకకు తాకించి చెప్పే పనివాళ్లున్నారు. సంప్రదాయం ఉన్నది ఈ మట్టిలో, ఈ చేతిలో. పాత్ర ఆకారంలో కాదు. బిద్రీకి భౌగోళిక గుర్తింపు 2006లో దక్కింది. 2023లో బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి పద్మశ్రీ వచ్చింది. ఈ గౌరవాలు మంచివే, కానీ వాటితో పొయ్యి వెలగదు. కూజా కొనేవాడు ఏడాదికొకడు వస్తే గొప్ప. గుండీల జత కొనేవాళ్లు రోజూ రావచ్చు. నల్లరంగు పూసిన నకిలీలూ ఆ దారినే వస్తాయి, నిజమే. అందుకే హైదరాబాదులో బిద్రీ చెవిపోగులు కొనేటప్పుడు ధర కంటే ముందు ఆ నలుపు ఏ మట్టిదో అడగండి.