వ్యాపారం చదువుతో వస్తుందా?

దుకాణంలో కూర్చుంటే వచ్చే వ్యాపారానికి యూనివర్సిటీ ఎందుకని చాలా ఇళ్లలో అడుగుతారు. 1947లో అమెరికాలోని హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌లో మైల్స్ మేస్ కొత్త వ్యాపారాలపై కోర్సు మొదలుపెడితే 188 మంది చేరారు. వారిలో చాలామంది యుద్ధం నుంచి తిరిగొచ్చినవారే.

ఈ చదువులో ముందుగా గిరాకీని చిన్న మొత్తంతో పరీక్షించడం, పెట్టుబడి తేవడం, భాగస్వాముల మధ్య ఒప్పందం రాసుకోవడం నేర్పుతారు. నగదు లెక్క మరీ ముఖ్యం. ఖాతాలో లాభం కనిపించినా, సరుకంతా ఉద్దెరకు పోతే నెలాఖరుకు అద్దె కట్టలేం.

తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎంబీఏకు సాధారణంగా ఐసెట్ రాయాలి. హైదరాబాద్‌లోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలోనూ ఎంబీఏ ఉంది. చేరే ముందు సిలబస్‌లో ఆంత్రప్రెన్యూర్‌షిప్ పేపర్ ఉందా, ప్రాజెక్టు చేయిస్తారా అని అడగండి.

డిగ్రీ లాభానికి హామీ కాదు. ఇంటి పొదుపు పెట్టకముందే లెక్కలో తప్పు ఎక్కడుందో చూపిస్తుంది, అంతే.