పూసినా కాయని మొక్క



లంబసింగి చలికొండలలో ఇప్పుడు స్ట్రాబెర్రీ పండిస్తున్నారు. ఆ ఎర్రని పండు చూసినవారు "ఇది ఏ అడవిలో పుట్టిందండీ?" అని అడుగుతుంటారు. ఏ అడవిలోనూ కాదు, తోటలోనే పుట్టింది. ఆ కథ వినండి. అందులో మన బొప్పాయి తోటకూ పనికివచ్చే పాఠం ఉన్నది.

1712లో ఫ్రెంచి రాజు 14వ లూయీ, ఫ్రెజియే అనే సైనిక ఇంజనీరును దక్షిణ అమెరికాకు పంపినాడు. స్పెయిన్ వారి కోటల గుట్టు తెలుసుకోవడం ఆయన పని. చిలీ దేశంలో కాన్సెప్సియన్ రేవు వద్ద అక్కడి ఆదివాసులు స్ట్రాబెర్రీ సాగు చేయడం ఆయన కంటబడింది. పండు అక్రోటు కాయంత, కొన్ని కోడిగ్రుడ్డంత! ఐరోపా అడవులలో దొరికే స్ట్రాబెర్రీ చిట్టి రేగుపండంతే. ఆయన కొన్ని మొక్కలు ఓడ ఎక్కించినాడు.

ప్రయాణం ఆరు మాసాలు. త్రాగే నీటికే కటకట. 1714లో ఫ్రాన్సు చేరేసరికి బ్రతికినవి ఐదు. మొక్కలకు నీరిచ్చిన ఓడ సరుకుల అధికారికి రెండు, పారిస్ రాజోద్యానానికి ఒకటి, తన పై అధికారికి ఒకటి ఇచ్చి, మిగిలినది తాను ఉంచుకున్నాడు.

మొక్కలు నాటుకున్నవి. తీగలు సాగి పిల్లలు పెట్టినవి. పూసినవి కూడా. కాయ మాత్రం సరిగా పట్టలేదు! మనమైతే ఏమంటాం? నేల మంచిది కాదంటాం, ఎరువు చాలలేదంటాం. అసలు సంగతి వేరు. తాడిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉంటాయి కదా? చిలీ స్ట్రాబెర్రీలోనూ అంతే. ఫ్రెజియే తెచ్చినవి ఆడ మొక్కలు. తీగ మీద పుట్టే పిల్ల అచ్చం తల్లి పోలికే గనుక, ఐదు మొక్కలు ఐదు వేలైనా అన్నీ ఆడవే. ఇక పుప్పొడి ఎక్కడిది?

బ్రిటనీ సీమలోని ప్లూగాస్టెల్ రైతులు దీనికి ఉపాయం కనిపెట్టినారు. ఉత్తర అమెరికా నుంచి అంతకుముందే వచ్చిన వర్జీనియా స్ట్రాబెర్రీ వంటి రకాలను చిలీ మొక్కల సరసన నాటితే కాయ పట్టింది. 1764లో డ్యూషేన్ అనే కుర్రవాడు, వేరొక జాతి పుప్పొడితో చిలీ మొక్కను కాయించి, ఆ కుండీని 15వ లూయీ రాజుకు చూపినాడు. 1766లో గ్రంథం వ్రాసి, అనాస వాసన గల కొత్త స్ట్రాబెర్రీ చిలీ, వర్జీనియా రకాల సంకరమని తేల్చినాడు. నేడు బజారులో మనం కొనే పెద్ద పండు ఆ సంకరపు సంతానమే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రైతు బొప్పాయి తోట చూపించి, "ఈ మగచెట్లు కాయవు, దండగే కదండీ?" అన్నాడు. "కొట్టించెయ్యండి" అన్నాను. ఒక్కటీ మిగల్చలేదు. తరువాత పూత నిండుగా వచ్చింది, పిందె నిలవక రాలింది. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధించింది. ఆడ, మగ చెట్లు వేరుగా ఉండే రకాలలో పది ఆడచెట్లకు ఒక మగచెట్టు ఉంచాలని ఆనాటి నుంచి అందరికీ చెబుతున్నాను.

నేటి స్ట్రాబెర్రీ రకాలకు ఒకే పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఉంటాయి. అయినా తేనెటీగలు తిరగాలి. పండు మీద విత్తులవలె కనిపించే గింజలలో పుప్పొడి అందనిచోట కండ ఉబ్బదు, పండు వంకర తిరుగుతుంది. కనుక పూత మీద పురుగు మందు చల్లకండి. నాటేటప్పుడు మొక్క మొవ్వు మట్టిలో పూడ్చవద్దు. పండు నేలకు తగలకుండా క్రింద గడ్డి పరచండి. కాపు మీద ఉండగా తీగలు త్రుంచండి.

పూత వచ్చి కాయ నిలవనప్పుడు ఎరువు బస్తా విప్పేముందు పువ్వును విప్పి చూడండి. సెలవు.