అంబిక చేసిన తప్పేమిటి?
(పిల్లల అంధత్వం - వంశపారంపర్యం: ఒక చరిత్ర)

ఆదిపర్వం పాఠం చెబుతున్నాను. వ్యాసుని భీకరరూపం చూడలేక అంబిక కళ్ళు మూసుకున్నది. అందుచేత ఆమెకు పుట్టుగుడ్డి కొడుకు కలిగాడు. ఏళ్ళ తరబడి ఈ ఘట్టాన్ని కథాసంవిధానానికి ఉదాహరణగానే చెబుతూ వచ్చాను. ఆ రోజు పాఠం ముగిసిన తర్వాత ఒక విద్యార్థిని వరండాలో నిలబడి అడిగింది: "అంబిక కళ్ళు మూసుకున్నందుకు గుడ్డివాడు పుట్టాడు. మరి మా అక్కయ్య ఏం మూసుకుందని, మాస్టారూ?"

ఆ అమ్మాయి అక్కగారిని మేనత్త కొడుక్కు ఇచ్చారు. ఇద్దరు పిల్లలు. పొద్దు గూకితే ఇద్దరూ గోడలు తడుముకుంటూ నడుస్తారు. ఇది రెటీనాకు వచ్చిన జబ్బనీ, వంశంలో నుంచి వచ్చినదనీ డాక్టరు చెప్పాడట. ఆ మాట వినగానే అత్తగారు, అనగా ఆ మేనత్తగారే, "ఇది మా వైపు దోషం కాదు, దాని తల్లి వైపు నుంచి తెచ్చుకున్నది" అని తేల్చేసింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో పిల్లల వైద్యం కన్నా తల్లి నేరమే పెద్ద చర్చ అయిపోయింది.

వ్యాసుని కాలం నుంచి మేనత్తగారి దాకా ఈ తీర్పులో మార్పు లేదు. బిడ్డకు చూపు లేకపోతే నేరం తల్లిది, కర్మది, లేదా రక్తానిది. ఈ తీర్పును శాస్త్రం ఎలా కొట్టివేసిందో, ఆ శాస్త్రాన్నే చేత పట్టుకొని పాలకవర్గాలు దానిని మళ్ళీ ఎలా నిలబెట్టాయో చెప్పే చరిత్ర ఒకటి ఉన్నది. అభ్యుదయవాదులమైన మనం కూడా ఆ చరిత్రలో కొంత దోషులమే.

మన భాషలో రేచీకటి ఒక్కటే మాట. కాని అందులో కనీసం రెండు జబ్బులున్నాయి. ఒకటి ఆకలి జబ్బు. పాలూ, గుడ్లూ, ఆకుకూరలూ లేని ఇంట్లో బిడ్డకు ఏ విటమిన్ చాలదు. మొదట రాత్రి చూపు పోతుంది, తర్వాత కంటిగుడ్డు పొడిబారుతుంది, చివరకు నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోతుంది. రెండవది వంశపారంపర్యంగా వచ్చేది. రెటీనాలో వెలుగును పట్టుకునే కణాలు పుట్టుకతో వచ్చిన లోపం వల్ల క్రమంగా నశిస్తాయి. మొదటిదానికి మందు తిండి. రెండవదానికి ఎంత తోటకూర పెట్టినా ప్రయోజనం లేదు. ఆకలితో చూపు పోతున్న బిడ్డను "వంశంలో ఉన్నది" అని వదిలివేస్తే అది హత్యతో సమానం. వంశపారంపర్యపు జబ్బును తల్లి సరిగా పెంచకపోవడమని నిందిస్తే అదీ అన్యాయమే. కనుక ఈ రెంటినీ వేరుచేసి చూడడం పండితుల వినోదం కాదు. బిడ్డల చూపుకు సంబంధించిన విషయం.

ఈ వేరుచేయడం ఎంతో కాలం పట్టింది. ఫ్రాన్సు దేశంలో మోంపెల్యే నగరం దగ్గర వెండెమియాన్ అనే ఊరున్నది. 1637లో పుట్టిన జాన్ నూగారే అనే మాంసం వ్యాపారి సంతతిలో తరతరాలుగా రేచీకటి ఉండేది. 1838లో క్యూనియే అనే వైద్యుడు ఈ కుటుంబాన్ని గురించి మొదట రాశాడు. 1907లో నెటిల్‌షిప్ అనే ఇంగ్లీషు కంటి వైద్యుడు పది తరాలకు చెందిన 2,121 మందితో ఆ వంశవృక్షాన్ని ప్రచురించాడు. ఆ వృక్షం ఒక నియమాన్ని స్పష్టంగా చూపింది. జబ్బున్నవారి పిల్లల్లోనే జబ్బు కనిపించింది; లేనివారి శాఖలో అది మళ్ళీ తలెత్తలేదు. శాపమైతే ఇంత లెక్కగా నడుచుకోదు.

ఈలోగా 1851లో హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపును కనిపెట్టాడు. బతికున్న మనిషి కంటి లోపలి గోడను చూడడం సాధ్యమైంది. పదేళ్ళకే, 1861లో, బెర్లిన్ నగరంలో లీబ్రైఖ్ అనే వైద్యుడు రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు గలవారిలో చాలామంది రక్తసంబంధీకుల వివాహాల సంతానమని గమనించి రాశాడు. అప్పటికి మెండెల్ తన బఠానీ ప్రయోగాల ఫలితాన్ని లోకానికి చదివి వినిపించనైనా లేదు. గమనిక ఉన్నది గాని కారణం తెలియదు. ఆ కారణం 1902లో అందింది. ఇంగ్లండులో గారడ్ అనే వైద్యుడు మూత్రం నల్లబడే ఒక అరుదైన లోపాన్ని పరిశీలిస్తూ, ఆ పిల్లల తల్లిదండ్రులు తరచుగా దగ్గరి బంధువులే కావడం చూశాడు. బేట్సన్ సలహాతో అది మెండెల్ చెప్పిన అంతర్గత లక్షణమని నిర్ణయించాడు.

అంతర్గత లక్షణమంటే ఏమిటి? ప్రతి మనిషికీ దాదాపు ప్రతి జన్యువూ రెండు ప్రతులుగా ఉంటుంది: తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. వాటిలో ఒకటి చెడ్డదైనా రెండవది పని నడిపిస్తుంది. ఆ మనిషికి ఏ లోపమూ కనిపించదు. అలాంటి ఇద్దరు దంపతులైతే, పుట్టే ప్రతి బిడ్డకూ రెండు చెడ్డ ప్రతులూ చేరే అవకాశం నాలుగింట ఒక వంతు. ఈ లెక్కలో తల్లి వాటా ఎంతో తండ్రి వాటా అంతే. ఇరువురిలో ఎవరి తప్పూ లేదు.

ఇప్పుడు మా విద్యార్థిని ఇంటికి వద్దాం. ఆమె బావగారూ, అక్కగారూ ఒకే తాత, నాయనమ్మల సంతతి. అరుదైన జన్యువు ఒకటి ఆ ముసలివారిలో ఒకరి దగ్గర ఉంటే, కొడుకు ద్వారా మనుమరాలికీ, కూతురి ద్వారా మనుమడికీ వచ్చి, ఆ ఇద్దరి పెళ్ళితో మళ్ళీ కలుసుకోవచ్చు. ఆ పిల్లల జబ్బు ఇలాంటిదే అయితే, అది కోడలి తల్లి వైపు నుంచి వచ్చింది కాదు. చాలావరకు ఆ మేనత్తగారి పుట్టింటి నుంచే వచ్చి ఉంటుంది. నేరం మోపిన వేలు ఎటు తిరిగిందో చూడండి! అయినా ఆవిడను మనం నిందిస్తే అదే పాత తీర్పును తిరగరాసినట్టవుతుంది. ఆమెకు తెలియదు, తెలిసే అవకాశం ఎవరూ కల్పించలేదు.

శాస్త్రం వచ్చినంత మాత్రాన న్యాయం వస్తుందా? ఇందుకు లూసియన్ హో అనే అమెరికా కంటి వైద్యుని జీవితమే సమాధానం. ప్రసవ సమయంలో సోకే చీము జబ్బు వల్ల పసిబిడ్డలు వేలాదిగా గుడ్డివారవుతున్న రోజులవి. లైప్‌జిగ్ నగరంలో క్రెడే అనే వైద్యుడు పుట్టిన వెంటనే కళ్ళలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే ఆ జబ్బు దాదాపు రాదని 1880 దశాబ్ది తొలినాళ్ళలో నిరూపించాడు. న్యూయార్క్ రాష్ట్రంలో పసిబిడ్డల కళ్ళ రక్షణకు 1890లో వచ్చిన చట్టానికి హో కృషే కారణం. ఆయన పేరుతోనే దాన్ని పిలిచేవారు. ఎందరు పిల్లలకు ఆయన చూపు నిలిపాడో! ఆ మనిషే 1921లో అదే రాష్ట్రంలో మరొక చట్టం తేవాలని ప్రయత్నించాడు. వంశపారంపర్య అంధత్వం ఉన్నవారి పెళ్ళిని, దాని వల్ల తన మీద ఖర్చు పడుతుందనుకున్న పన్ను చెల్లింపుదారు ఎవరైనా కోర్టుకు వెళ్ళి ఆపించవచ్చునట! గుడ్డివారి పోషణకు ప్రభుత్వానికి ఎంత ఖర్చవుతున్నదో లెక్కలు కట్టించాడు. ఆ బిల్లు నెగ్గలేదు. కాని మనిషిని ఖర్చు పద్దుగా చూసే ఆ లెక్క ఆగలేదు.

1933 జులై 14న హిట్లర్ ప్రభుత్వం చేసిన చట్టంలో, బలవంతంగా సంతానశక్తి తొలగించవలసిన జబ్బుల జాబితాలో వంశపారంపర్య అంధత్వం కూడా ఉన్నది. ఆ చట్టం కింద అన్ని జబ్బుల పేరుతో కలిపి దాదాపు 4 లక్షల మందిని శస్త్రచికిత్సకు గురిచేశారు. దీనికి శాస్త్రం అనుమతి ఉన్నదా? లేదు. అంతర్గత లక్షణాలను మోసేవారిలో అత్యధికులు చక్కగా చూడగలవారే. గుడ్డివారిని ఎందరిని హింసించినా ఆ జన్యువులు చూపున్నవారి నుంచి వస్తూనే ఉంటాయి. పాలకులకు కావలసింది జబ్బు పోవడం కాదు. "పనికిరాని" మనుషులు పోవడం.

ఇక మన వైపు చూద్దాం. ఫాసిస్టులు వంశపారంపర్యాన్ని కత్తిగా వాడారు కాబట్టి వంశపారంపర్యమే అబద్ధమని కొందరు అభ్యుదయవాదులు వాదించారు. సోవియట్ దేశంలో లెవిత్ అనే వైద్యుడు మాస్కోలో గోర్కీ పేరిట ఉన్న వైద్య జన్యుశాస్త్ర సంస్థను నడిపాడు. ఆ సంస్థ మూతపడింది. 1938లో ఆయనను కాల్చి చంపారు. 1948లో లైసెంకో వాదమే అధికార సిద్ధాంతమై జన్యుశాస్త్రం బూర్జువా శాస్త్రంగా బహిష్కృతమైంది. ప్రపంచమంతటా మనవాళ్ళు చాలామంది దానిని సమర్థించారు. మరికొందరు మౌనం వహించారు. సమాజాన్ని మార్చితే అన్నీ మారుతాయన్నది మంచి ఆశ. కాని బిడ్డ కంటిలోని కణం తీర్మానాలను వినదు. వాస్తవాన్ని కాదన్నవాడు భౌతికవాది ఎలా అవుతాడు?

ఈ రెండు దారులకూ దూరంగా నిలవడానికి ప్రయత్నించిన వారిలో హాల్డేన్‌ను మనం ప్రత్యేకంగా తలచుకోవాలి. ఆయన కమ్యూనిస్టు, జన్యుశాస్త్రజ్ఞుడు. వర్ణాంధత్వమూ, రక్తం గడ్డకట్టని జబ్బూ ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే ప్రయాణిస్తాయని జూలియా బెల్‌తో కలిసి 1937లో చూపాడు. మరుసటి ఏడు "హెరిడిటీ అండ్ పాలిటిక్స్" అనే గ్రంథంలో వంశం పేరిట సాగే రాజకీయాలను ఎండగట్టాడు. లైసెంకో వివాదం నడుమ పార్టీకి దూరమయ్యాడు. 1957లో భారతదేశానికి వచ్చి కలకత్తాలో స్థిరపడ్డాడు. ఆయన శిష్యుడైన తెలుగు యువకుడు ద్రోణంరాజు కృష్ణారావు, మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రలోని మేనరికాల వివరాలు సేకరించి 1960లోనూ, 1963లోనూ శాస్త్రపత్రికల్లో ప్రకటించాడు. మన పెళ్ళిపందిళ్ళు అలా ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చాయి. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో హాల్డేన్ మరణించాడు. ఆయన కోరిక ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. ఆ మహా శాస్త్రజ్ఞుని చివరి పాఠం తెలుగు విద్యార్థులకే దక్కింది.

మేనరికాల గురించి మాట్లాడేటప్పుడు మనకూ నిగ్రహం అవసరం. మేనమామ, మేనకోడలు దంపతులైతే, వారి బిడ్డలో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశం 8లో 1; మేనత్త, మేనమామ బిడ్డల పెళ్ళిలో 16లో 1. అలాంటి దంపతుల బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. కాని అరుదైన జబ్బుల విషయంలో ప్రమాదం పెరుగుతుంది. దక్షిణ భారతంలోని కంటి ఆసుపత్రుల పరిశీలనల్లో ఇది పదే పదే కనబడింది. దీనిని "మూఢత్వం" అని ఈసడిస్తే సరిపోదు. మేనరికం వెనక పొలం చీలిపోకూడదన్న భయమున్నది, కట్నం భారముంది, ఆడపిల్ల పరాయింట్లో ఏమవుతుందోనన్న ఆందోళన ఉంది. ఆ భయాలను అలాగే ఉంచి, పెళ్ళి మానమని ఉపన్యాసం చెబితే వినేదెవరు?

మరొక మాట. వంశపారంపర్యం అంటే విధి కాదు. రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సరునే తీసుకోండి. బ్రెజిల్‌లో గువేయా అనే వైద్యుడు 1872లో ఒక బాలుని కన్ను తీసివేసి ప్రాణం నిలిపాడు. అతడు పెరిగి పెళ్ళాడగా ఇద్దరు కూతుళ్ళకు అదే జబ్బు వచ్చింది. ఒకే జబ్బు కొందరికి వంశం నుంచి, మరికొందరికి వంశంతో నిమిత్తం లేకుండా ఎలా వస్తుందో 1971లో నడ్సన్ 48 కేసుల లెక్కలతో వివరించాడు. ఈ జ్ఞానం వల్ల ఈనాడు ఏ కుటుంబంలో పసిబిడ్డలను పుట్టినప్పటి నుంచీ పరీక్షించాలో ముందే తెలుస్తున్నది. బిడ్డ నల్లపాప తెల్లగా మెరుస్తుంటే ఆలస్యం చేయకుండా తీసుకువెళ్తే ప్రాణమూ, చాలాసార్లు చూపూ దక్కుతాయి. పుట్టుకతో వచ్చే శుక్లాలకు కూడా నెలల వయసులోనే శస్త్రచికిత్స చేస్తే ఫలితం ఉంటుంది. వంశాన్ని తెలుసుకున్నది శిక్షించడానికి కాదు, ముందుగా మేలుకోవడానికి.

అయితే ఆ మేలుకొలుపు ఎవరి గడప దాకా వస్తుంది? హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా, చిన్నపిల్లలకు ఆరు నెలలకొకసారి 2 లక్షల యూనిట్ల ఏ విటమిన్ చుక్కలు వేసే పథకం 1970లో మొదలైంది. ఒక చెంచాడు చుక్కలు, ఖర్చు అత్యల్పం. రెండవ రకం రేచీకటి విషయంలోనూ శాస్త్రం ముందుకు వెళ్ళింది. పుట్టుకతోనే చూపు పోగొట్టే ఒక రెటీనా జబ్బుకు, మంచి జన్యువును కంటిలోకి పంపే చికిత్సకు అమెరికాలో 2017 డిసెంబరులో అనుమతి లభించింది. ఆ మందుకు కంపెనీ పెట్టిన ధర రెండు కళ్ళకు 8 లక్షల 50 వేల డాలర్లు! లోపం జన్యువులో ఉన్నది, నిజమే. కాని ఆ లోపం ఎవరికి చీకటి అవుతుందో, ఎవరికి కాదో నిర్ణయించేది జన్యువు కాదు. అది సమాజపు ఏర్పాటు.

ఆ విద్యార్థినికి నేను ఇదంతా ఒక్కరోజులో చెప్పలేదు. ముందు ఒక్క మాటే చెప్పాను: "అక్కయ్య ఏ తప్పూ చేయలేదమ్మా, బావగారూ చేయలేదు. ఇద్దరూ పిల్లలతో కలిసి పెద్దాసుపత్రికి వెళ్ళి, ఆ జబ్బు పేరేమిటో, ఏ తీరుగా వచ్చిందో కాగితం మీద రాయించుకోవాలి. చూపున్నప్పుడే పిల్లలకు బ్రెయిలీ కూడా నేర్పించాలి." ఆదిపర్వం పాఠాన్ని మాత్రం అప్పటి నుంచి ఇంకొక విధంగా చెబుతున్నాను. కవి చెప్పిన కథను కథగానే ఉంచి, అంబికకు పడిన శిక్షను గురించి పిల్లల్ని ప్రశ్నించమంటున్నాను. ఆ ప్రశ్న తరగతి గదిలో పుడితే, వరండా దాటి ఇళ్ళలోకి వెళ్ళడం ఎంతో దూరం కాదు.