నగదు చెల్లని ‘నగదు పాట’: వేలం సొమ్ము చెల్లింపు చరిత్ర

జర్మనీలో, బవేరియా ఉత్తర భాగాన, మైన్ నది ఒడ్డున ఉన్న ష్వైన్‌ఫర్ట్ బాల్‌బేరింగులకు పేరుపడిన పట్టణం. ఉక్కు గుండ్లను ఒకే కొలతకు సానబట్టే యంత్రాన్ని 1883లో ఫ్రీడ్రిక్ ఫిషర్ రూపొందించింది ఇక్కడే. బేరింగులు చేసే ఊరు కనుకనే 1943లో ఆగస్టు 17న, అక్టోబరు 14న అమెరికన్ బాంబర్లు దీనిమీద విరుచుకుపడ్డాయి. ఈ వ్యాసానికి కావలసింది మాత్రం కర్మాగారం కాదు, న్యాయస్థానం. అప్పు తీరని ఇళ్లనూ స్థలాలనూ వేలం వేసే బాధ్యత ఈ పట్టణపు ప్రాథమిక న్యాయస్థానానిది. ఆ వేలాన్ని నడిపే జర్మన్ చట్టంలో ‘బార్‌గెబోట్’ అనే మాట ఒకటుంది. ‘బార్’ అంటే నగదు, ‘గెబోట్’ అంటే పాట. మాటకు మాట పెడితే ‘నగదు పాట’. అయితే నోట్ల కట్టలతో వచ్చి ఈ నగదు పాట పాడబోయిన వ్యక్తి పాటను ఈనాటి న్యాయస్థానం తిరస్కరిస్తుంది.

ఈ వైపరీత్యం భాషకు సంబంధించినది మాత్రమే కాదు. చట్టం రాసిన నాటి ప్రపంచం వేరు, దాన్ని అమలు చేస్తున్న నాటి ప్రపంచం వేరు. మాట అలాగే నిలిచిపోయింది, దాని కింద ఉన్న సొమ్ము రూపం మారిపోయింది.

పాట పాడటానికీ సొమ్ము కట్టడానికీ మధ్య ఎడం ఉండటం వేలమంత పాతది. 1875లో పాంపే శిథిలాలలో లూసియస్ కైసిలియస్ యూకుందస్ అనే వడ్డీ వ్యాపారి ఇంట్లో నూట యాభైకి పైగా మైనపు పూత పలకలు దొరికాయి. అధిక భాగం క్రీ.శ. 50ల నాటివి. వాటిలో ఎక్కువ వేలం సొమ్ము ముట్టినట్టు అమ్మకందారు ఇచ్చిన రసీదులే. పాడినవాడి దగ్గర రొక్కం సిద్ధంగా లేకపోయినా యూకుందస్ అమ్మినవాడికి సొమ్ము ఇచ్చివేసి, తర్వాత కొన్నవాడి దగ్గర రాబట్టుకునేవాడు, నడుమ తన రుసుము మినహాయించుకునేవాడు. వేలంలో కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య నమ్మకాన్ని అమ్ముకునే మూడో మనిషి అవసరమని రోమనులు గ్రహించారు. ఆధునిక రాజ్యం ఆ మూడో మనిషి స్థానంలో మొదట న్యాయస్థానాన్ని కూర్చోబెట్టింది, ఆపైన బ్యాంకును.

జర్మనీలో స్థిరాస్తుల నిర్బంధ వేలం చట్టం 1897 మార్చి 24 నాటిది. పౌరస్మృతితో పాటు 1900 జనవరి 1న అమలులోకి వచ్చింది. బార్‌గెబోట్ అన్న మాట అర్థం ఆ చట్టంలోనే తెలుస్తుంది. వేలం వేసే ఇంటి మీద ముందు వరసలో ఉన్న తాకట్లను కొన్నవాడు నెత్తిన వేసుకుంటాడు. అవి పోగా డబ్బు రూపంలో చెల్లించవలసిన భాగమే బార్‌గెబోట్. అంటే ‘నగదు’ అన్న మాట ఇక్కడ తాకట్టు బదలాయింపుకు ప్రతిగా వాడినదే తప్ప, నోటుకూ బ్యాంకు ఖాతాకూ మధ్య తేడా చూపడానికి కాదు. 1897లో ఆ తేడా అడగవలసిన అవసరం ఎవరికీ కలిగినట్టు లేదు.

ఈ చట్టంలో మరో విశేషం ఉంది, అది తెలియకపోతే మిగతా నిబంధనలు అర్థం కావు. వేలం ఖరారైన క్షణానే ఆస్తి కొన్నవాడిదైపోతుంది. సొమ్ము కట్టిన తర్వాత కాదు, కట్టక ముందే. సొమ్ము పంపకానికి న్యాయస్థానం వేరే తేదీ వేస్తుంది; ఆలోపు కడితే చాలు. ఖరారైన నాటినుంచి వడ్డీ నడుస్తుంది. నాలుగు శాతం లెక్కన, 2,40,000 యూరోలకు పాట ఖాయమై అరవై రోజుల తర్వాత పంపకం జరిగితే వడ్డీ సుమారు 1,600 యూరోలు. ఇల్లు చేతికి వచ్చాక సొమ్ము ఎగ్గొట్టే ప్రమాదం ఉంది కనుకనే ముందుగా ధరావతు అడుగుతారు. న్యాయస్థానం కట్టిన విలువలో పదోవంతు: మూడు లక్షల యూరోల ఇంటికి ముప్పై వేలు. హక్కుదారు అడిగితే పాట పాడిన వెంటనే చూపాలి, చూపలేకపోతే ఆ పాట లెక్కలోకి రాదు. ధరావతు ఏ రూపంలో ఉండాలన్నది సాంకేతిక వివరంలా కనిపిస్తుంది గాని, వేలం గదిలో ఎవరికి నోరు ఉంటుందో, ఎవరికి ఉండదో తేల్చేది అదే.

నాలుగు శాతం వడ్డీ స్థిరమైన నాణెం ఉన్న రోజుల ఊహ. 1923 ఆ ఊహను తలకిందులు చేసింది. ఆ ఏడు జనవరిలో డాలరుకు సుమారు 18 వేల మార్కులు, నవంబరులో 4.2 లక్షల కోట్ల మార్కులు. అటువంటి నెలల్లో వేలం తేదీకీ పంపకం తేదీకీ మధ్య నెలో రెండు నెలలో గడిస్తే, పాడిన మొత్తాన్ని అణా పైసలతో సహా కట్టినా అప్పిచ్చినవాడి చేతికి వచ్చేది చిత్తు కాగితమే. మార్కు ఎప్పుడూ మార్కే అన్న సూత్రాన్ని న్యాయస్థానాలు పట్టుకు వేలాడాయి. చివరకు 1923 నవంబరు 28న, తాకట్టు అప్పును విలువ పోయిన కాగితంతో తీర్చుకొమ్మని అప్పిచ్చినవాడిని నిర్బంధించలేమని జర్మనీ అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. కొత్త రెంటెన్‌మార్క్ వచ్చిన పదమూడు రోజుల తర్వాత వచ్చిన తీర్పది. అప్పటికే తమ అప్పులు కాగితంతో తీర్పించుకున్నవారి నష్టం తర్వాతి చట్టాలతో కొంత మాత్రమే పూడింది.

ద్రవ్యోల్బణం తెచ్చిన అన్యాయానికి కర్త ఎవరో వేలెత్తి చూపడం కష్టం. తర్వాతి పదేళ్లలో జరిగినదానికి ఆ ఇబ్బంది లేదు. నాజీ పాలనలో చెల్లింపు పద్ధతే దోపిడీకి సాధనమైంది. డ్యూసెల్‌డార్ఫ్‌లో చిత్రశాల నడిపిన మాక్స్ స్టెర్న్ యూదుడు. వృత్తి నడుపుకునే అనుమతి రద్దు కావడంతో 1937 నవంబరు 13న తన చిత్రశాలలోని 228 కృతులను కొలోన్‌లోని లెంపెర్ట్స్ సంస్థలో వేలానికి పెట్టవలసి వచ్చింది. పాటలు జరిగాయి, కొన్నవారు సొమ్ము కట్టారు. కాగితాల మీద చూస్తే ఏ లోపమూ లేని అమ్మకం. ఆ సొమ్ము మాత్రం స్టెర్న్ చేతికి రాలేదు. అమ్మినవాడి పేర ఖాతా, ఆ ఖాతాలో సొమ్ము, దాన్ని తీసుకోవడానికి ప్రభుత్వ అనుమతి: ఈ ‘దిగ్బంధిత ఖాతా’ పద్ధతి ఆ రోజుల్లో వేలాది అమ్మకాలను న్యాయబద్ధంగా కనిపించేట్టు చేసింది. దేశం విడిచి ప్రాణాలు దక్కించుకున్న స్టెర్న్ కెనడాలో స్థిరపడి 1987లో కన్నుమూశాడు. ఆయన వారసుల పక్షాన అమెరికాలో నడిచిన వ్యాజ్యంలో, ఆ వేలంలో అమ్ముడైన వింటర్‌హాల్టర్ చిత్రాన్ని తిరిగి ఇవ్వాలని దిగువ కోర్టు తీర్పునివ్వగా, 2008లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయం చేసింది.

ష్వైన్‌ఫర్ట్‌లో మిగిలిన యూదులను 1942 ఏప్రిల్‌లో వ్యూర్ట్స్‌బుర్గ్ మీదుగా తూర్పు పోలండుకు, సెప్టెంబరులో వృద్ధులను తెరెజీన్‌ష్టాట్‌కు తరలించారు. 1941 నవంబరు 25 నాటి ఉత్తర్వు ప్రకారం అట్లా తరలిపోయినవారి ఆస్తి రాజ్యానికి దఖలు పడుతుంది. జర్మనీ అంతటా వారి మంచాలు, దుప్పట్లు, వంటపాత్రలు పన్ను కార్యాలయాల ఆధ్వర్యంలో వేలమయ్యాయి. లోర్రాఖ్ పట్టణంలో 1940 నవంబరులో వీధిలో జరిగిన అటువంటి వేలం ఛాయాచిత్రాలు నిలిచి ఉన్నాయి: జనం గుమిగూడి ఉన్నారు, ఇరుగుపొరుగు ఇళ్ల సామాను బయట పెట్టి ఉంది. ఈ వేలాలకు దిగ్బంధిత ఖాతా అవసరం కూడా లేకపోయింది. సొమ్ము నేరుగా ఖజానాకు పోయింది.

యుద్ధం ముగిశాక అమెరికన్ సైనిక ప్రభుత్వం 1947 నవంబరు 10న జారీ చేసిన 59వ చట్టం ఈ మోసాన్ని సరిగ్గా కీలకం దగ్గర పట్టుకుంది. బవేరియా, అందులోని ష్వైన్‌ఫర్ట్, ఆ చట్టం పరిధిలోనివే. నాజీ కాలంలో పీడితుడు అమ్మిన ఆస్తిని బలవంతాన లాక్కున్నదిగానే భావించాలి. కొన్నవాడు దాన్ని ఖండించదలిస్తే న్యాయమైన ధర ఇచ్చానని నిరూపించాలి. అదొక్కటే చాలదు, ఆ ధరను అమ్మినవాడు స్వేచ్ఛగా వాడుకునే వీలు లేకుండా చేసి ఉంటే ఆ నిరూపణ నిలవదు. సొమ్ము ‘చెల్లించడం’ వేరు, సొమ్ము ‘ముట్టడం’ వేరు అని చట్టం ఇంత సూటిగా చెప్పిన సందర్భాలు అరుదు.

ఈ ప్రశ్న ష్వైన్‌ఫర్ట్‌ను ఇంకా విడిచిపెట్టలేదు. బేరింగుల పారిశ్రామికవేత్త గెయోర్గ్ షేఫర్ (1896–1975) ప్రధానంగా 1950ల నుంచి సేకరించిన పంతొమ్మిదవ శతాబ్దపు జర్మన్ చిత్రాలతో 2000లో ఇక్కడ ఒక మ్యూజియం వెలిసింది. స్పిట్స్‌వెగ్ చిత్రాలకు ప్రసిద్ధి. వాటిలో కొన్నింటి పూర్వ యాజమాన్యం గురించి యూదు కుటుంబాల వారసులు ప్రశ్నలు లేవనెత్తారు. చిత్రాల చరిత్రను శోధించడానికి 2016లో నియమితురాలైన పరిశోధకురాలు కొన్నేళ్లకే వైదొలిగారు. చిత్రాలు ప్రైవేటు ధర్మనిధివి కనుక, ప్రభుత్వ మ్యూజియంలను ఉద్దేశించిన 1998 నాటి వాషింగ్టన్ సూత్రాలు వాటికి నేరుగా వర్తించవన్నది వాదం. మ్యూజియం గోడ మీది చిత్రం వెనుక ఒకనాటి వేలం రసీదు ఉండవచ్చు. ఆ రసీదు సొమ్ము ఏ ఖాతాలో ఆగిపోయిందన్నది అసలు ప్రశ్న.

మళ్లీ నేటి వేలం గదికి. 2007 ఫిబ్రవరి నుంచి స్థిరాస్తి వేలంలో నగదు ధరావతును జర్మన్ చట్టం నిషేధించింది. న్యాయస్థానం ఖజానాకు ముందే బ్యాంకు బదిలీ చేయవచ్చు. బవేరియాలో ఆ ఖజానా బాంబెర్గ్‌లో ఉంటుంది. లేదా బ్యాంకు పూచీకత్తు పత్రం తేవచ్చు. లేదా బ్యాంకు తానే రాసి ఇచ్చిన చెక్కు తేవచ్చు. సొంత చెక్కు పనికిరాదు. బ్యాంకు చెక్కు కూడా వేలానికి ముందు మూడో పనిదినం కంటే పాతది కాకూడదు, జర్మనీలో చెల్లుబాటయ్యేదై ఉండాలి. హైదరాబాదు బ్యాంకు ఇచ్చిన డ్రాఫ్టుతో ఎవరైనా వస్తే, దాని వెనుక ఎంత సొమ్మున్నా, ఆ పాట వినరు.

దొంగ నోట్ల భయం, కట్టలు లెక్కబెట్టి భద్రపరచే బాధ్యత న్యాయస్థానం మీద లేకుండా పోవడం ఈ మార్పులోని సౌకర్యాలు. ఆ తర్వాతి అడుగుల వెనుక ఉన్న కారణం వేరు, అక్రమ ధనం. 2023 ఏప్రిల్ 1 నుంచి జర్మనీలో స్థిరాస్తి ఏదైనా సరే నగదుతో, క్రిప్టో నాణేలతో, బంగారంతో, ప్లాటినంతో, రత్నాలతో కొనడం నిషిద్ధం. 2027 జులై 10 నుంచి ఐరోపా సమాఖ్య అంతటా వ్యాపార లావాదేవీలలో నగదు చెల్లింపుకు 10,000 యూరోల పరిమితి వస్తుంది. వ్యాపారులు కాని ఇద్దరు వ్యక్తుల మధ్య లావాదేవీకి అది వర్తించదు. నగదును వదులుకోవడానికి జర్మన్లు ఇష్టపడరన్నది జగమెరిగిన విషయమే. యూరో నోటు అపరిమితమైన చట్టబద్ధ చెల్లింపు సాధనమని వారి కేంద్ర బ్యాంకు చట్టమే అంటున్నది. 2021 జనవరిలో ఐరోపా న్యాయస్థానం మధ్యేమార్గం చెప్పింది: నగదును స్వీకరించడం సూత్రరీత్యా విధి, ప్రజాప్రయోజనం కోసం తగిన మేరకు పరిమితులు పెట్టవచ్చు.

తెలుగు నేల మీద వేలం చరిత్ర మరో దారిన నడిచింది. ‘వేలం’ అన్న మాట కూడా పోర్చుగీసువారి ‘లెయిలావ్’ నుంచి వచ్చిందని చెప్పేవారున్నారు; హిందీ నీలాం, మరాఠీ లిలావ్ దాని తోబుట్టువులు. 1802 తర్వాత ఉత్తర సర్కారులలో ఈస్టిండియా కంపెనీ తన హవేలీ భూములను ముక్కలు చేసి, శాశ్వత పేష్కషు నిర్ణయించి, బహిరంగ వేలంలో జమీందారీలుగా అమ్మింది. కిస్తు తప్పితే అవే మళ్లీ వేలానికి వచ్చేవి. 1864 నాటి మద్రాసు రెవెన్యూ రికవరీ చట్టం పాటదారు అక్కడికక్కడే 15 శాతం కట్టాలని, మిగతాది 30 రోజుల్లో కట్టకపోతే ధరావతు జప్తు కావచ్చునని శాసించింది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ మరింత బిగించింది: వెంటనే 25 శాతం, మిగిలినది పదిహేనో రోజు కోర్టు మూసేలోపు. ఈ గడువును పొడిగించే అధికారం కోర్టుకు కూడా లేదని, తప్పితే అసలు అమ్మకమే జరగనట్టని 1954లో సుప్రీంకోర్టు తేల్చింది. రూపం కంటే గడువు ముఖ్యమన్నది ఇక్కడి దృష్టి. రెండు లక్షల రూపాయలు, ఆపైన నగదు స్వీకరించడాన్ని నిషేధించిన 2017 నాటి ఆదాయపు పన్ను నిబంధన కూడా ప్రభుత్వానికి వచ్చే సొమ్మును మినహాయించింది.

రెండు చట్టాల స్వభావం బయటపడేది పాటదారు విషయంలో కంటే ఇల్లు పోగొట్టుకోబోతున్న మనిషి విషయంలో. వేలం ఖరారు కాకముందు అప్పు, ఖర్చులు కట్టివేస్తే అమ్మకం ఆగాలని రెండూ అంటాయి. భారత కోడ్ ఇరవై ఒకటో ఆర్డరు, 69వ నిబంధన ప్రకారం వేలం నడుపుతున్న అధికారి ఎదుట ఆ సొమ్ము పెడితే చాలు. కోర్టులో జమ చేసినట్టు రుజువు చూపినా చాలు. జర్మన్ చట్టం కూడా ఒకప్పుడు న్యాయస్థానానికే సొమ్ము కట్టనిచ్చేది. ఇప్పుడు 75వ సెక్షను బ్యాంకు ఇచ్చిన చెల్లింపు రుజువునో అధికారిక పత్రాన్నో అడుగుతుంది. బంధుమిత్రుల దగ్గర చేబదులు తెచ్చిన నోట్లతో చివరి ఘడియలో ష్వైన్‌ఫర్ట్ న్యాయస్థానం మెట్లెక్కిన ఇంటి యజమాని వాటిని అక్కడ చెల్లించలేడు. దగ్గరలోని బ్యాంకుకు పరుగెత్తి, జమ చేసి, చీటీ పట్టుకొని రావాలి. పాటలకు చట్టం ఇచ్చే కనీస వ్యవధి ముప్పై నిమిషాలు.