సంతకం పెట్టని ఉస్తాదులు

నౌక్రీ ఇచ్చేవాడు ఇల్మ్ ఎంత ఉందో అడగడం దస్తూరే. సనదులు చూపించమనడం, తజుర్బా ఎంతో చెప్పమనడం కూడా ఇన్సాఫే. కానీ 'నీ దిల్‌లో ఏముందో రాసి, కింద దస్తఖత్ చెయ్యి' అంటే? యూనివర్సిటీ ప్రొఫెసర్ల నియామకాల విషయంలో అమెరికాలో కొన్నేళ్లుగా నడుస్తున్న బహస్ ఇదే. మన ఇళ్ల నుంచి అక్కడికి పీహెచ్‌డీ కోసం వెళ్లిన పిల్లలకు ఇది దూరపు సంగతేమీ కాదు. ఆ బహస్‌లో మాటిమాటికీ గుర్తుచేసే పాత వాకియా ఒకటుంది. అది కాలిఫోర్నియా యూనివర్సిటీలో జరిగింది.

1949. రష్యాతో అమెరికాకు సర్ద్ జంగ్ మొదలైన రోజులు. ఎక్కడ చూసినా కమ్యూనిస్టుల ఖౌఫే. కాలిఫోర్నియా అసెంబ్లీలో కూడా ప్రొఫెసర్ల మీద షక్ పెరుగుతోంది. బయటివాళ్లు చెయ్యి పెట్టకముందే మన ఇల్లు మనమే సర్దుకుందామని యూనివర్సిటీ ప్రెసిడెంట్ రాబర్ట్ గోర్డన్ స్ప్రౌల్ స్వయంగా ఒక హలఫ్‌నామా తజ్వీజ్ చేశారు. మార్చి 25న రీజెంట్లు, అంటే యూనివర్సిటీని నడిపే బోర్డువాళ్లు, దాన్ని మంజూరు చేశారు. రాజ్యాంగానికి వఫాదార్‌గా ఉంటామని ఉస్తాదులు అప్పటికే ఖసమ్ తీసుకునేవారు. ఇప్పుడు అది చాలదన్నారు. హుకూమత్‌ను బలప్రయోగంతో కూలదోయాలనే పార్టీని నమ్మనని, అందులో మెంబర్‌ను కానని రాసి సంతకం పెట్టాలన్నారు. లేకపోతే నౌక్రీ లేదు.

ఇక్కడ టెన్యూర్ సంగతి చెప్పుకోవాలి. కొన్నేళ్లు చదువు చెప్పి, పరిశోధన చేసి, తోటి ఆలిమ్‌ల జాంచ్‌లో నెగ్గిన ప్రొఫెసర్‌కి దొరికే పక్కా నౌక్రీ అది. హాకిమ్‌కి నచ్చని మాట చెప్పినందుకు ఉస్తాద్ రోటీ పోకూడదన్నదే దాని మక్సద్. ఆ హలఫ్‌నామా సరిగ్గా ఆ మక్సద్ మీదే దెబ్బ కొట్టింది. ఇరవై, ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవాళ్లు కూడా మళ్లీ గుమ్మం బయట నిలబడి తమ అఖీదా ఏమిటో చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇన్కార్ చేసినవాళ్లు కమ్యూనిస్టులేనా? ఎర్న్‌స్ట్ కాంటొరోవిచ్ సంగతి చూడండి. ఆయన జర్మనీ నుంచి వచ్చిన యూదీ, మధ్యయుగాల తారీఖ్‌లో పెద్ద ఆలిమ్. అరబ్బుల ఇల్మ్ అంటే ఇష్టపడిన ఫ్రెడరిక్ 2 చక్రవర్తి మీద రాసిన కితాబ్‌తో మష్‌హూర్ అయ్యారు. జవానీలో, 1919లో, మ్యూనిక్ వీధుల్లో కమ్యూనిస్టుల మీద తుపాకీ పట్టినవాడు. తర్వాత నాజీల చేతుల్లో ప్రొఫెసర్ పదవీ పోయింది, వతన్ కూడా పోయింది. 1949 జూన్‌లో బర్క్‌లీ ఉస్తాదుల సభలో లేచి, ఇలాంటి ఖసమ్‌లు చిన్న విషయంగానే మొదలవుతాయని, ఎటు పోతాయో తారీఖ్ చూసిందని హెచ్చరించారు. న్యాయమూర్తి, పాదరీ, ఆలిమ్ ముగ్గురూ ఒక్కలాంటి గౌను వేసుకుంటారు, ఆ గౌను కింద తమ జమీర్‌కి జవాబుదారులు వాళ్లే అన్నది ఆయన దలీల్. ఆయన దస్తఖత్ చెయ్యలేదు. చివరికి ప్రిన్స్‌టన్‌కి వెళ్లిపోయారు.

ఎడ్వర్డ్ టోల్మన్ కథ ఇంకోరకం. ఆయన 1918 నుంచి బర్క్‌లీలో ఉన్న మనస్తత్వ శాస్త్రవేత్త. ఎలుకలు దారులు ఎలా గుర్తుపెట్టుకుంటాయో పరీక్షించి దునియాలో పేరు తెచ్చుకున్నారు. ఇన్కార్ చేసినవాళ్లకు ఆయనే రహ్నుమా అయ్యారు. చిన్న జీతం, చంటిపిల్లలు ఉన్న జవాన్ ఉస్తాదులతో మాత్రం, 'మీరు సంతకం పెట్టెయ్యండి, ఈ లడాయి తట్టుకోగలిగిన మాలాంటివాళ్లం చేస్తాం' అనేవారు. ఆ ఖసమ్‌కి ఏ ఇంట్లో ఎంత ఖీమత్ పడుతుందో ఆయనకు తెలుసు.

1950 ఫిబ్రవరిలో రీజెంట్లు ఆఖరి హుకుం జారీ చేశారు: సంతకమన్నా పెట్టండి, లేదా వెళ్లిపోండి. పూర్వ విద్యార్థులు కల్పించుకుని రాజీ కుదిర్చారు. సంతకం పెట్టనివాళ్లు ఉస్తాదుల కమిటీ ముందు హాజరై బయాన్ ఇవ్వొచ్చన్నారు. చాలామంది వెళ్లారు, కమిటీ వాళ్లను బేదాగ్ అని తేల్చింది. జులైలో రీజెంట్లు 10-9 ఓట్లతో దానికి సరేనన్నారు. అంతలో జాన్ ఫ్రాన్సిస్ నేలన్ అనే రీజెంట్ ఆ ఫైసలాను తిరగదోడించారు. ఆగస్టు 25న 12-10 ఓట్లతో 31 మందిని బర్‌తరఫ్ చేశారు. గవర్నర్ ఎర్ల్ వారెన్, అడ్మిరల్ నిమిట్జ్ లాంటివాళ్లు వద్దన్నా ఆగలేదు. ఆ 31 మందిలో ఒక్కరి మీద కూడా కమ్యూనిస్టు అన్న ఇల్జామ్ లేదు. వాళ్ల కసూర్ ఒక్కటే, అడిగినచోట సంతకం పెట్టకపోవడం.

టోల్మన్, ఆయన సాథీలు అదాలత్‌కి వెళ్లారు. 1952 అక్టోబర్ 17న రాష్ట్ర సుప్రీంకోర్టు వాళ్లను వాపస్ తీసుకోమంది. అయితే జమీర్ ఆజాదీ పేరుతో వచ్చిన జీత్ కాదది. ప్రభుత్వ ఉద్యోగులందరికీ రాష్ట్రం అప్పటికే ఒక ఖసమ్ పెట్టింది కాబట్టి, యూనివర్సిటీ వేరే ఖసమ్ పెట్టే హక్ లేదంది కోర్టు. అంటే వాపస్ రావాలంటే ఆ రాష్ట్రపు ఖసమ్ మీద దస్తఖత్ చెయ్యాల్సిందే! అది కూడా 1967లో కోర్టులోనే రద్దయింది. బర్‌తరఫ్ అయినవాళ్లలో డేవిడ్ సాక్సన్ అనే జవాన్ ఫిజిక్స్ ఉస్తాద్ ఉన్నారు. ఆయనే 1975లో ఆ యూనివర్సిటీ మొత్తానికి ప్రెసిడెంట్ అయ్యారు.

ఇక మన జమానాకి వద్దాం. పెద్ద యూనివర్సిటీల్లో నల్లవాళ్లు, లాటినోలు, ఆడవాళ్లు ప్రొఫెసర్లుగా తక్కువగా ఉండటం ఇత్తెఫాక్ కాదు, తరాలుగా దర్వాజాలు మూసి ఉంచిన ఫలితం. కాలిఫోర్నియాలో 1996 రెఫరెండం తర్వాత సర్కారీ నియామకాల్లో నసల్, లింగం చూసి ప్రాధాన్యం ఇవ్వకూడదని ఖానూన్ వచ్చింది. కాలక్రమంలో ఇంకో రాస్తా పట్టారు. వైవిధ్యం కోసం ఏం చేశావో, ఏం చేస్తావో అభ్యర్థి ఒక బయాన్ రాయాలన్నారు. బర్క్‌లీలో జీవశాస్త్రాల పోస్టులకు జరిగిన ఒక ఎంపికలో అర్హత ఉన్న 893 మందిని ముందు ఆ బయాన్ చూసే వడపోశారు. మిగిలింది 214 మంది. వాళ్ల ఇల్మ్ ఎంతో చూసింది ఆ తర్వాతే.

2019 చివర్లో డేవిస్ క్యాంపస్ గణిత ప్రొఫెసర్ అబిగైల్ థాంప్సన్ దీన్ని ఆ పాత హలఫ్‌నామాతో పోల్చారు. రెండువైపులా ఖతుల వర్షం కురిసింది. ఆ పోలిక పూర్తిగా నిలవదు. అప్పుడు ఉన్న నౌక్రీ పోయింది, ఇప్పుడు కొత్త నౌక్రీకి మార్కులు వేశారు. అప్పటిది ఖౌఫ్‌లోంచి పుట్టింది, ఇప్పటిది పాత జుల్మ్‌ను సరిదిద్దాలన్న నియ్యత్‌తో. కానీ ఫలానా అఖీదా ఉన్నట్టు రాస్తేనే మార్కులు పడతాయని తెలిస్తే, చలాక్ అభ్యర్థి ఆ మాటలే రాస్తాడు. ఈమాన్‌దార్ అభ్యర్థి ఆగి ఆలోచిస్తాడు. 1950లో దెబ్బతిన్నది కూడా అలాంటివాళ్లే. 2025 మార్చిలో ఆ యూనివర్సిటీ ఈ షరతును తీసేసింది.

అంతటితో మసలా తీరలేదు. ఇండియానా రాష్ట్రం 2024లో ఎదురు దిక్కు నుంచి ఖానూన్ తెచ్చింది. తరగతిలో 'ఆలోచనల వైవిధ్యం' పెంచడని బోర్డుకు అనిపిస్తే ప్రొఫెసర్‌కి టెన్యూర్ ఆపొచ్చు. టెన్యూర్ ఉన్నవాళ్లకు కూడా ఐదేళ్లకోసారి జాంచ్ ఉంటుంది. ఒక పక్షం కోసి పెట్టిన కలాన్ని రెండో పక్షం కూడా అందుకుంటుందని దీన్ని చూస్తే అర్థమవుతుంది.

తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్లకు రెండూ కావాలి. మూసిన దర్వాజా తెరుచుకోవాలి, లోపలికి వెళ్లాక దిల్ తలాషీ ఉండకూడదు. రెండూ ఒకేసారి సాధ్యమే. ఉస్తాద్ ఎందరు వెనుకబడిన పిల్లలకు పాఠం చెప్పాడు, ఎందరిని పరిశోధన దాకా తీసుకొచ్చాడు అని అడగండి. అది అమల్, దాన్ని తూచొచ్చు. పోస్టు ప్రకటన అందరికీ చేరిందా, ఎంపిక కమిటీలో ఎవరున్నారు అని యూనివర్సిటీని నిలదీయండి. అది ఇన్సాఫ్. ఏం నమ్ముతావని అడగడం మాత్రం ఈ రెండింటిలో దేనికిందకీ రాదు. అబద్ధం చెప్పగలిగినవాడిని ఏ హలఫ్‌నామా ఆపలేదు. ఆగిపోయేది చెప్పలేనివాడే.